పాత వ్యాను, మార్చిన ఇంజిను, మూసిన కిటికీలు

మన పల్లెలలో మారుతి వ్యాను ఎరుగని ఇల్లు లేదు. పెండ్లికూతురును అత్తవారింట దింపినది అదే. నొప్పులు వచ్చిన తల్లిని అర్ధరాత్రివేళ ఆసుపత్రికి చేర్చినది అదే. పిల్లలను బడికి, కూరగాయల గంపలను సంతకు మోసినదీ అదే. దూరపు పాలెముల నుండి నడవలేని పెద్దలను ఆదివారము ఆరాధనకు తీసుకొని వచ్చేది కూడా చాల సంఘములలో ఆ వ్యానే. 1984లో మారుతి వ్యాను అనే పేరుతో వచ్చి, తరువాత ఓమ్నీ అని పేరు మార్చుకొని, 2019లో తయారీ ఆగిపోయేవరకు 35 సంవత్సరములు అది ఇంచుమించు ఒకే రూపముతో మన దారులమీద నడిచింది.

తయారీ ఆగినా వాడకము ఆగలేదు. ఇప్పుడు మనము చూచే ఓమ్నీలన్నీ పాతవే. వాటి యజమానులకు సాధారణముగా రెండు కోరికలుంటాయి. బోరుకు వచ్చిన ఇంజినును మార్చించాలన్నది ఒకటి; ఎండాకాలము తట్టుకొనుటకు ఏసీ పెట్టించాలన్నది రెండవది. రెండు పనులకూ మెకానికులున్నారు. సామాను దొరుకుతుంది. మూడు నాలుగు రోజులలో బండి తిరిగి ఇంటికి వస్తుంది. అయితే బండి ఇంటికి వచ్చిననాటికి సగము పని మాత్రమే పూర్తి అయినదని ఈ వ్యాసములో చెప్పదలచాము. మిగిలిన సగము పరీక్ష. ఆ పరీక్ష పూర్తికాకముందు ఆ బండిలో పిల్లలనుగాని ముసలివారినిగాని ఎక్కించకూడదు.

ఇంజిను మార్చాలా, బాగుచేయించాలా?

ఓమ్నీలో ఉన్నది మూడు సిలిండర్ల పెట్రోలు ఇంజిను. దాని పరిమాణము 796 సి.సి. శక్తి సుమారు 35 హార్స్ పవర్. ఇది ముందు సీట్ల క్రింద, అంటే మనిషి కూర్చునే చోటనే ఉంటుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి, తరువాత దీనితో పని పడుతుంది.

సైలెన్సరు నుండి నీలిపొగ వస్తూ, ఆయిలు తాగుతూ ఉంటే రింగులో, బోరో, వాల్వు సీళ్లో అరిగినట్లు. తెల్లపొగ ఆగకుండా వస్తూ రేడియేటరులో నీళ్లు తగ్గిపోతుంటే హెడ్డు గ్యాస్కెట్టును అనుమానించాలి. ఇవన్నీ ఇంజినును పారవేయవలసిన జబ్బులు కావు. సిలిండర్లు తిరిగి బోరు చేయించి, కొత్త పిస్టన్లు, రింగులు, బేరింగులు వేయిస్తే అదే ఇంజిను మరికొన్ని సంవత్సరములు నడుస్తుంది. నంబరు మారదు గనుక కాగితముల చిక్కు కూడా ఉండదు. కాబట్టి ముందుగా ఆ లెక్క వేయించండి. బ్లాకు పగిలినా, క్రాంకు దెబ్బతిన్నా, లేతు షాపువారు ఇక పనికిరాదని చెప్పినా అప్పుడు వేరే ఇంజిను సంగతి ఆలోచించాలి.

మరొక ఆశ కూడా కొందరికి కలుగుతుంది. 2010లో వచ్చిన ఈకో వ్యానులో 1.2 లీటర్ల ఇంజిను ఉన్నది. దాని శక్తి 73 హార్స్ పవర్, అనగా ఓమ్నీకి రెట్టింపు. దానిని తెచ్చి ఇందులో పెడితే ఏసీ కూడా హాయిగా లాగుతుంది గదా అంటారు. చేసిపెట్టేవారూ దొరకవచ్చు. అయితే ఆ గేరుబాక్సు, ఆ బ్రేకులు, ఆ చట్రము 35 హార్స్ పవర్ కొరకు చేసినవి. ఇంజినుకు బలము వచ్చినంతమాత్రాన బ్రేకులకు బలము రాదు. ఆ మార్పును చట్టము కూడా ఒప్పుకొనదు.

కాగితముల సంగతి

మోటారు వాహనముల చట్టము 1988లోని 52వ సెక్షను ప్రకారము, తయారీదారు మొదట ఇచ్చిన వివరములకు భిన్నముగా వాహనమును మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ మాటను ఖాయము చేసింది. అదే సంవత్సరము సవరించిన చట్టము ప్రకారము, అనుమతి లేని మార్పునకు ఆరు నెలల వరకు జైలుశిక్షగాని, ఒక్కొక్క మార్పునకు 5,000 రూపాయల జరిమానాగాని, రెండూగాని విధించవచ్చును.

అదే రకము ఇంజినును వేయించినా నంబరు మారుతుంది గనుక ముందుగానే రవాణా కార్యాలయములో అడిగి అనుమతి తీసుకోవాలి. మార్పు జరిగిన 14 రోజులలోగా తెలియజేసి, ఆర్.సి.లో కొత్త నంబరు వ్రాయించుకోవాలి. ఇన్సూరెన్సు కంపెనీకి కూడా ఉత్తరము వ్రాయాలి. ఆర్.సి.లో ఒక నంబరు, ఇంజినుమీద మరొక నంబరు ఉన్న బండి ప్రమాదములో చిక్కుకుంటే నష్టపరిహారము విషయములో పడే బాధ ఇంతింత కాదు.

సొంత వాహనమునకు 15 ఏళ్లు నిండితే రిజిస్ట్రేషను అయిదేళ్లకొకసారి తిరిగి చేయించాలి. ఈ రుసుము కార్లు, వ్యానులవంటి వాటికి 2022 ఏప్రిల్ నుండి 5,000 రూపాయలు అయింది. 20 ఏళ్లు దాటిన వాటికి 2025 ఆగస్టులో దానిని 10,000 రూపాయలకు పెంచారు. ఖర్చు చేసే ముందు మీ బండి వయస్సెంతో, ఇంకా ఎన్నేళ్లు నడపదలచుకొన్నారో లెక్క చూచుకోండి. తెల్ల నంబరు ప్లేటు బండిలో కిరాయి తీసుకొని మనుషులను ఎక్కించుకొనుట నేరమని కూడా మరువకండి.

పాత ఇంజిను కొనేటప్పుడు

విజయవాడ ఆటోనగర్‌వంటి చోట్ల విడదీసిన బండ్ల ఇంజిన్లు దొరుకుతాయి. వెనుక నుండి గుద్దబడిన బండిలోని ఇంజిను ఒక్కొక్కసారి మంచి స్థితిలోనే ఉంటుంది. అయితే చూడవలసినవి కొన్ని ఉన్నాయి.

మొదట నంబరు చూడండి. ఆకురాయితో గీకినట్లున్నా, చదువుటకు వీలుగాకున్నా ధర ఎంత చవకైనా వదలివేయండి. అది దొంగబండిది కావచ్చును. అమ్మినవారినుండి బిల్లు, ఆ ఇంజిను ఉన్న పాత బండి ఆర్.సి. నకలు తీసుకోండి.

తరువాత ఆయిలు మూత విప్పి దాని అడుగు చూడండి. మజ్జిగవంటి తెల్లని జిగురు ఉంటే నీరు ఆయిలులో కలిసిందేమోనని అనుమానించాలి. మూడు ప్లగ్గులు విప్పి కంప్రెషను కొలిపించండి. అంకె ఎంత ఉన్నదన్నదానితోపాటు మూడు సిలిండర్లు సమానముగా ఉన్నాయా లేదా అన్నది కూడా ముఖ్యము. వాటి మధ్య తేడా చదరపు సెంటీమీటరుకు ఒక కిలోకు మించితే ఆలోచించవలసినదే. తక్కువ వచ్చిన సిలిండరులో ఒక చెంచా ఆయిలు పోసి మరల కొలిస్తే, అంకె పెరిగితే రింగులు అరిగినట్లు, పెరగకపోతే వాల్వులోనో గ్యాస్కెట్టులోనో లోపమున్నట్లు.

మారుతి 800 కారులోనిదీ 796 సి.సి. ఇంజినే గనుక అది అలాగే సరిపోతుందని కొందరు చెబుతారు. రెండూ ఒకే కుటుంబమువే. అయితే కారులో ఇంజిను అడ్డముగా ఉంటుంది, వ్యానులో నిలువుగా ఉంటుంది. అన్ని భాగములూ అలాగే అమరవు. ఓమ్నీకి ఓమ్నీ ఇంజినే తీసుకొనుట మేలు.

ఇంజిను బయట ఉన్నప్పుడే టైమింగు బెల్టు, వాటరు పంపు, ఆయిలు సీళ్లు, క్లచ్చి ప్లేటు కొత్తవి వేయించండి. ఇప్పుడు సామాను ఖర్చే; తరువాతనైతే కూలి మరొకసారి ఇచ్చుకోవాలి.

మొదట ఖాళీగా, తరువాత బస్తాలతో

బిగించిన ఇంజినును ఎలా పరీక్షించాలో వరుసగా చెబుతాము.

మొదటి మెట్టు నిలిపి ఉంచి చేసేది. ఆరుబయట బండి స్టార్టు చేసి అరగంట అలాగే ఉంచాలి. ఆయిలు దీపము వెంటనే ఆరిపోవాలి. ఉష్ణోగ్రత సూది కొంత పైకి వచ్చి ఒకచోట నిలవాలి. కొత్తగా నీళ్లు పోసినప్పుడు గొట్టములలో గాలి చిక్కుకుంటే సూది ఉన్నట్లుండి పైకి లేస్తుంది. ఆ గాలిని బయటకు పంపాలి. బ్యాటరీ దగ్గర వోల్టు మీటరు పెడితే ఇంచుమించు 13.8 నుండి 14.4 వోల్టుల మధ్య చూపాలి. బండి క్రింద పాత అట్టపెట్టె పరచండి. తీసి చూచినప్పుడు దానిమీద పడిన చుక్క నల్లగా ఉంటే ఆయిలు, ఆకుపచ్చగానో ఎర్రగానో ఉంటే కూలెంటు.

రెండవ మెట్టు ఇంటి చుట్టుప్రక్కల 50 కిలోమీటర్లు, డ్రైవరు మాత్రమే. తిరిగి వచ్చి చల్లారిన తరువాత ఇంజిను మౌంటు బోల్టులు, సైలెన్సరు బోల్టులు, గొట్టముల క్లాంపులు మరల బిగించాలి. వేడికి కొన్ని సడలుతాయి.

మూడవ మెట్టు బరువుతో. ఇక్కడ మనుషులను కాదు, బస్తాలను ఎక్కించాలి. ఎనిమిదిమంది బరువు సుమారు 450 నుండి 500 కిలోలు. 25 కిలోల బియ్యపు బస్తాలు పద్దెనిమిది వేస్తే 450 కిలోలవుతుంది. వాటిని సీట్లమీద, సీట్లమధ్య సమానముగా సర్ది, కదలకుండా కట్టి, మంచి దారిలో వంద కిలోమీటర్లు తిప్పాలి. బ్రేకు ఎంత దూరములో ఆగుతుందో, ఒక ప్రక్కకు లాగుతుందో లేదో ఈ బరువుమీదనే తెలుస్తుంది.

నాలుగవ మెట్టు ఎత్తు. మారేడుమిల్లి ఘాటు, అరకు ఘాటు, శ్రీశైలము ఘాటు – మీకు దగ్గరున్న కొండదారి ఏదైనా సరే. అటువంటిది లేకపోతే పొడవైన వంతెనను, చెరువుకట్టను పదిసార్లు ఎక్కించినా కొంత తెలుస్తుంది. దీనిని ఎండ పూట చేయాలి. ఉదయము చల్లదనములో చేసిన పరీక్ష మే నెల మధ్యాహ్నమునకు సాక్ష్యము కాదు.

500 కిలోమీటర్లకు ఆయిలు, ఫిల్టరు మార్చి, వెయ్యి కిలోమీటర్లకు మెకానికు చేత అంతా మరల చూపించాలి. ఒక నోటుపుస్తకము పెట్టి తేదీ, కిలోమీటర్లు, పోసిన పెట్రోలు, ఆయిలు మట్టము, నీళ్ల మట్టము, సూది ఎక్కడ నిలిచినదీ ప్రతిదినము వ్రాయండి. మాటమీద మరచిపోయేది పుస్తకములో కనబడుతుంది.

చల్లగాలి బరువు

ఏసీ విలాసము గదా అని అడిగేవారున్నారు. రెంటచింతల, రామగుండము ఎండలను ఎరిగినవారు అలా అనరు. 2015 మే నెల వడగాలులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో వెయ్యిమందికి పైగా చనిపోయారు. రేకు పైకప్పు, సీటు క్రింద ఇంజిను ఉన్న బండిలో మధ్యాహ్నము రెండు గంటలు ప్రయాణించి ఆసుపత్రికి చేరిన వృద్ధుడు దారిలోనే మరింత నీరసిస్తాడు. అయితే చల్లదనము ఊరకే రాదు.

ఏసీ కంప్రెసరును తిప్పేది ఇంజినే. చిన్న బండిలో అది మూడు నాలుగు హార్స్ పవర్ లాగుతుంది. 35లో నాలుగు పోతే ఎనిమిదిమంది ఎక్కిన వ్యాను ఘాటు ఎక్కేటప్పుడు ఏమి మిగులుతుందో మీరే ఆలోచించండి. మైలేజి కూడా పది నుండి ఇరవై శాతము వరకు తగ్గవచ్చును. కాబట్టి ఎత్తు ఎక్కేటప్పుడు ఏసీ ఆపే అలవాటు డ్రైవరుకు ఉండాలి.

అందుచేత ముందుగా వేడి లోపలికి రాకుండా చేయండి. పైకప్పు లైనింగు విప్పి దాని వెనుక మందపాటి ఫోము షీటు అంటించుట, ఇంజిను మూత క్రింద వేడిని ఆపే షీటు వేయించుట, పైకప్పుకు తెల్లరంగు వేయించుట – ఇవి తక్కువ ఖర్చు పనులు. వీటికి ఇంజిను శక్తి ఏమాత్రము అక్కరలేదు. అద్దములకు నల్ల ఫిల్ము అంటించే ఆలోచన మాత్రము వద్దు. సుప్రీంకోర్టు 2012లో దానిని నిషేధించింది.

ఇక ఏసీ బిగించేటప్పుడు మూడు విషయములు అడగండి. మొదటిది కరెంటు. బ్లోయరు, కండెన్సరు ఫ్యాను కలిసి చాల కరెంటు తీసుకుంటాయి. పాత ఆల్టర్నేటరు దానికి చాలుతుందా? వైరు బ్యాటరీ నుండి నేరుగా, ఫ్యూజు, రిలే ద్వారా వచ్చిందా? లైట్ల వైరుకు అతుకు పెట్టి ఇచ్చిన కరెంటు వేడెక్కి మంటకు దారితీస్తుంది.

రెండవది గ్యాసు. 1990ల తొలినాళ్ల వరకు వచ్చిన ఏసీలలో ఆర్-12 అనే గ్యాసు వాడేవారు. అది భూమికి కవచమైన ఓజోను పొరను తినివేస్తుంది. దానివంటి వాయువులను ఆపుటకు 1987లో మాంట్రియల్ ఒప్పందము కుదిరింది. మన దేశము 1992లో అందులో చేరి, 2008లో వాటి తయారీని ఆపివేసింది. తరువాత వచ్చినది ఆర్-134ఎ. అది ఓజోనుకు హాని చేయదుగాని, భూమిని వేడిచేయుటలో కార్బన్ డయాక్సైడుకంటె వెయ్యి రెట్లకు పైగా బలమైనది. కనుక గాలిలోనికి వదలకుండా యంత్రముతో తీయాలి. పాత ఆర్-12 ఏసీలో దీనిని అలాగే నింపరాదు. రెండింటి ఆయిలు వేరు. పాత ఆయిలు కడిగి, డ్రయరు, రబ్బరు రింగులు మార్చాలి. చవక అని చెప్పి వంటగ్యాసువంటి మండే వాయువును నింపేవారి దగ్గరకు అసలు పోవద్దు.

మూడవది వ్యాక్యూము. గ్యాసు నింపే ముందు పంపుతో అరగంటకు తక్కువగాకుండా లోపలి గాలిని, తేమను లాగివేయాలి. పంపు ఆపిన తరువాత ముల్లు కదలకుండా నిలిస్తే ఎక్కడా లీకు లేనట్లు. ఆ తరువాత గ్యాసును త్రాసుమీద తూచి పోయాలి. ఎక్కువ పోస్తే ఎక్కువ చల్లబడదు. కంప్రెసరుకు భారము పెరుగుతుంది.

మూసిన కిటికీల వెనుక

ఈ వ్యాసము వ్రాయుటకు అసలు కారణము ఇదే. ఏసీ లేనప్పుడు ఓమ్నీ కిటికీలు తెరిచే ఉంటాయి. సైలెన్సరు జాయింటు కొంచెము లీకైనా ఆ పొగ గాలికి పోతుంది. ఏసీ పెట్టిన దినమునుండి కిటికీలు మూస్తారు. ఇంజినేమో సీటు క్రిందనే ఉన్నది. ఇంజిను మార్చినప్పుడు సైలెన్సరు జాయింట్లన్నీ విప్పి బిగించి ఉంటారు. ఒక గ్యాస్కెట్టు సరిగా కూర్చోకపోయినా, ఇంజిను మూత చుట్టూ ఉన్న రబ్బరు చిరిగినా, పొగ లోపలికి వచ్చి అక్కడే తిరుగుతుంది.

ఆ పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. రక్తములో ప్రాణవాయువును మోసే పదార్థమును అది ప్రాణవాయువుకంటె రెండువందల రెట్లకు పైగా బలముగా పట్టుకుంటుంది. తలనొప్పి, తల తిరుగుట, వాంతి వచ్చినట్లుండుట, నిద్రమత్తు దాని గుర్తులు. ప్రయాణములో పిల్లలు నిద్రపోతే అలసట అనుకుంటాము. పెద్దలు తలనొప్పి అంటే ఎండ దెబ్బ అనుకుంటాము. అందుకే అది ప్రమాదకరము.

పరీక్ష సులభము. చల్లని ఇంజినును స్టార్టు చేసి, మందపు తడిబట్టతో సైలెన్సరు చివర ఒక్క క్షణము అదిమి పట్టాలి. లీకు ఉంటే జాయింటు దగ్గర బుస్సుమని వినబడుతుంది. రెండవది, బ్యాటరీతో నడిచే కార్బన్ మోనాక్సైడు అలారము ఒకటి కొని, కిటికీలు మూసి, బస్తాల బరువుతో ఎత్తు ఎక్కించేటప్పుడు వెనుక సీటులో పెట్టాలి. ఇంజినుమీద బరువు పడినప్పుడు మాత్రమే తెరుచుకొనే లీకులు కొన్ని ఉంటాయి. అవి నిలిపి ఉంచిన బండిలో బయటపడవు.

మా వ్యానుతో జరిగినది

మా సంఘపు ఓమ్నీకి గత వేసవిలో ఈ రెండు పనులూ చేయించాము. బండి వచ్చిన నాలుగవ దినమున మన యౌవనస్థులలో ఒకరి పెండ్లి, రెండువందల కిలోమీటర్ల దూరములో. ఖాళీగా తిప్పిన పరీక్ష అప్పటికి అయింది. బండి చక్కగా లాగుతోంది, లోపల చల్లగా ఉన్నది. పెండ్లివారు వచ్చి, "అయ్యగారూ, బండి బాగానే ఉన్నది గదండీ, ముసలివాళ్లను బస్సులో ఎలా తీసుకెళ్తామండీ?" అని అడిగారు. సంఘపు పెద్దలలో కొందరు కూడా, "పెండ్లి పూట కాదనకండి అయ్యగారూ" అన్నారు. సంఘమంతా చందా వేసుకొని చేయించిన పని. ఇప్పుడు ఇవ్వమంటే వారికి కష్టముగా తోచుట సహజము.

మెకానికు భాయ్‌ను అడిగాము. "బరువుతో ఇంకా చూడలేదు పాస్టరుగారూ. నా పిల్లలనైతే ఎక్కించను," అన్నాడు. ఆ మాట మాకు చాలింది. పెండ్లికి వేరే బండి మాట్లాడి పంపాము. రెండు ఇండ్లవారు మాతో కొన్ని దినములు ముభావముగా ఉన్నారు.

ఆ వారములోనే బస్తాలు వేసి బయలుదేరాము. బయట ఎండ 41 డిగ్రీలు. దారిలో ఏసీ గాలి 14 డిగ్రీలు చూపింది. అందరూ సంతోషించారు. రైల్వే గేటు దగ్గర పన్నెండు నిమిషములు ఆగేసరికి గాలి వెచ్చబడింది, ఇంజిను సూది ఎర్రగీత వైపు జరిగింది. గేటు తెరిచి కదలగానే మరల సర్దుకున్నది. భాయ్ ఒక కాగితము తీసి కండెన్సరు ముందు పట్టాడు. ఫ్యాను గాలిని లోపలికి లాగుతుంటే కాగితము అంటుకొని ఉండాలి. అది ఎగిరి బయటకు పడింది. ఫ్యాను రెండు వైర్లు తారుమారై అది వెనుకకు తిరుగుతోంది. బండి పరుగెత్తేటప్పుడు ఎదురుగాలి ఆ లోపమును కప్పింది, నిలబడినప్పుడు బయటపడింది. అయిదు నిమిషముల పని, సరిచేశాడు.

రెండవది ఘాటుమీద బయటపడింది. రెండవ గేరులో ఎక్కుతుండగా వెనుక సీటులో పెట్టిన అలారము మ్రోగింది. అంకె 40 దాటింది. కిటికీలు తెరిచి, బండి ఆపి, దిగి చూస్తే సైలెన్సరు మొదటి జాయింటు గ్యాస్కెట్టు ఒక అంచున కాలి నల్లబడి ఉన్నది. ఇంజిను మూత రబ్బరు ఒక మూల చిరిగి ఉన్నది. ఖాళీ బండిలో, చదునైన దారిలో ఈ అలారము ఒక్కసారి కూడా మ్రోగలేదు. పెండ్లి దారిలోనూ ఘాటు ఉన్నది. వెనుక సీటులో కూర్చోవలసినవారు ఇద్దరు నాయనమ్మలు, అయిదేళ్లలోపు పిల్లలు ఇద్దరు. ఆ సంగతి చెప్పినప్పుడు పెండ్లివారు చాలసేపు మాట్లాడలేదు. తరువాత ఆ ఇంటి పెద్దాయనే మరొక దినము బస్తాలు సర్దుటకు వచ్చాడు.

గ్యాస్కెట్టు, రబ్బరు కొత్తవి వేయించి, అదే ఘాటును అదే బరువుతో రెండుసార్లు ఎక్కించాము. అలారము మ్రోగలేదు. వెయ్యి కిలోమీటర్లు పూర్తయిన తరువాతనే మనుషులను ఎక్కించాము.

కుటుంబములు గుర్తుంచుకొనవలసినవి

1. ఇంజిను బాగుచేయుటకు వీలుంటే అదే మొదటి దారి. మార్చవలసివస్తే అదే రకము, అనుమతితో, ఆర్.సి.లో నమోదుతో.

2. ఏసీ, ఇంజిను – రెండింటినీ కలిపి, ఎండలో, బరువుతో, ఎత్తుమీద, నిలబెట్టి కూడా పరీక్షించాలి. విడివిడిగా బాగున్నవి కలిసినప్పుడు బాగుండకపోవచ్చు.

3. కిటికీలు మూసి నడిపే బండిలో కార్బన్ మోనాక్సైడు అలారము ఉంచండి. సైలెన్సరు విప్పిన ప్రతిసారి మరల పరీక్షించండి.

4. బయట బిగించే ఏసీలు చాలవరకు లోపలి గాలినే త్రిప్పుతాయి. అరగంటకొకసారి కిటికీ కొంచెము తెరవండి. ఎవరికైనా తలనొప్పి, మత్తు అనిపిస్తే వెంటనే ఆపి అందరినీ దించండి.

5. ఇంజిను నడుస్తూ, ఏసీ వేసుకొని, మూసిన బండిలో ఎవరూ నిద్రపోకూడదు.

6. ఆపిన బండిలో పిల్లలను ఒక్క నిమిషమైనా వదలకండి. బయట 35 డిగ్రీలున్నప్పుడు మూసిన బండిలో గంటలోగా 50 డిగ్రీలు దాటవచ్చును.

ప్రియ చదువరులారా, ఉష్ణోగ్రత సూది డ్రైవరుకు కనబడుతుంది. వెనుక కూర్చున్న అవ్వకు కనబడదు. ఏ బోల్టు ఎంత బిగించారో, ఏ గ్యాస్కెట్టు ఎలా కూర్చున్నదో ఆమె అడుగదు. మీరు తలుపు తీసి రమ్మంటే చేయి పట్టుకొని ఎక్కుతుంది, అంతే. ఆ నమ్మకమునకు తగినట్లు ముందుగా బస్తాలను ఎక్కించి చూడండి.